చేసేవాళ్లు రాస్తే

(తెనాలిలో ఒక ఆదివారం సాయంత్రం పుస్తకప్రియులు కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో వాళ్లకి వినపడుతోందా? ఫ్యాను చప్పుడుకి మాట అందకపోతే చెయ్యెత్తండి, ఇంకొంచెం గట్టిగా మాట్లాడతాను.

నన్ను పిలిచినవాళ్లు "మీకు ఇష్టమైన రచయిత గురించి ఒక గంట చెప్పండి" అన్నారు. నేను అలెక్స్ జేమ్స్ అన్నాను. ఫోన్లో అవతల కాసేపు మాట లేదు. తర్వాత "ఆయన గిటారు వాయిస్తాడు కదండీ?" అన్నారు. అవును, వాయిస్తాడు. బేస్ గిటార్. ఇప్పటికీ వాయిస్తాడు. కానీ ఆయన నాకు మొదట పాటలో పరిచయం కాలేదు. పుస్తకంలోనూ కాలేదు. ఒక చీజ్ ముక్కలో పరిచయమయ్యాడు.

ఇంగ్లాండ్‌లో చదువుకునే రోజుల్లో సాయంత్రాలు ఒక షాపులో చీజ్ కౌంటర్ దగ్గర పనిచేశాను. మనవాళ్లు చాలామంది అలాంటి పనులు చేసే ఉంటారు. ఇక్కడ కూడా ఒకరిద్దరు తల ఊపుతున్నారు. చీజ్‌ని కత్తితో కాదు, సన్నటి తీగతో కోస్తారు. రెండు చేతులా తీగ పట్టుకుని మెల్లగా దింపాలి. నీలం చీజ్ కోస్తే తీగ మీద జిడ్డు నిలుస్తుంది, చేతులకి పట్టిన వాసన సబ్బుతో కడిగినా పోదు. మొదటి వారం ఆ వాసనకి నాకు అన్నం సయించలేదు. మూడో నెలకి వచ్చేసరికి ఆ వాసన బట్టి ఏ ముక్క ఎన్ని రోజులదో చెప్పగలిగాను. ఆ కౌంటర్లోనే 'బ్లూ మండే' అనే చీజ్ చూశాను. పేరేంటి ఇలా ఉందని అడిగితే, పక్కనున్న ఆవిడ "అది బ్లర్ బ్యాండ్ అతనిది, పాట పేరు పెట్టుకున్నాడు" అంది. బ్యాండ్ అతనికి చీజ్‌తో ఏం పని? ఆ ప్రశ్నే నన్ను ఇక్కడి దాకా తెచ్చింది.

ఒక్కమాట. మన పత్రికల్లో చీజ్ అని వస్తే 'జున్ను' అని రాసేస్తారు. మనకి తెలిసిన జున్ను ఏది? గేదె ఈనిన మొదటి రెండు మూడు రోజుల పాలు, బెల్లం, మిరియాలు, ఆవిరి మీద ఉడకబెట్టేది. అది వేరు, ఇది వేరు. అందుకని నేను చీజ్ అనే అంటాను.

సరే, అలెక్స్ జేమ్స్ ఎవరు? 1968లో పుట్టాడు. ఇంగ్లాండ్ దక్షిణ తీరాన బోర్న్‌మత్ ప్రాంతం. లండన్లో గోల్డ్‌స్మిత్స్ కాలేజీలో ఫ్రెంచ్ చదవడానికి వచ్చి, అక్కడ గ్రాహం కాక్సన్‌తో స్నేహం కలిసింది. గ్రాహం కాక్సన్, డేమన్ ఆల్బర్న్, డేవ్ రౌన్‌ట్రీ, అలెక్స్. ఈ నలుగురే బ్లర్. 1990లలో ఇంగ్లాండ్ యువతని ఊపేసిన బ్యాండ్. 1995 ఆగస్టులో బ్లర్, వాళ్లకి పోటీ బ్యాండ్ ఒయాసిస్ ఒకే వారం పాటలు విడుదల చేస్తే, ఎవరిది నంబర్ వన్ అవుతుందని టీవీ వార్తల్లో చెప్పుకున్నారు. మనకి సంక్రాంతికి రెండు పెద్ద సినిమాలు ఒకేసారి వస్తే ఎలా ఉంటుందో అలా. ఆ వారం బ్లర్ గెలిచింది. సుమారు 2 లక్షల 74 వేల కాపీలు వీళ్లవి, 2 లక్షల 16 వేలు వాళ్లవి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, నాకు చాలా ఇష్టమైన సంగతి. వీళ్ల పాటలు విడుదల చేసిన కంపెనీ పేరేంటో తెలుసా? ఫుడ్ రికార్డ్స్. నిజంగానే ఫుడ్. ఆ కంపెనీ పెట్టిన డేవ్ బాల్ఫ్ అనే ఆయన ఆ రంగం వదిలేసి పల్లెలో పెద్ద ఇల్లు కొనుక్కుని వెళ్లిపోయాడు. ఆయన్ని చూసే డేమన్ ఆల్బర్న్ 'కంట్రీ హౌస్' అనే పాట కట్టాడు. ఊరి గోల భరించలేక పల్లెకి పారిపోయిన డబ్బున్నవాడి మీద వెక్కిరింపు అది. ఒయాసిస్ మీద గెలిచిన పాట అదే. దానికి బేస్ వాయించిందెవరు? అలెక్స్ జేమ్స్. ఎనిమిదేళ్లు తిరక్కుండా తనూ పల్లెలో ఇల్లు కొన్నాడు. 2003లో పెళ్లయింది. ఆ కొత్తలోనే దంపతులిద్దరూ ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో కింగమ్ అనే ఊరి దగ్గర సుమారు 200 ఎకరాల పొలం కొన్నారు.

పొలానికి ముందు బతుకేమిటి? ఆయనే దాచకుండా రాశాడు. 2007లో 'బిట్ ఆఫ్ ఎ బ్లర్' అని ఆత్మకథ వచ్చింది. షాంపేన్‌కి, కొకైన్‌కి పది లక్షల పౌండ్ల దాకా తగలేశానని ఒప్పుకున్నాడు. 2008లో బీబీసీ 'పనోరమా' కార్యక్రమం కోసం కొలంబియా వెళ్లి, ఆ మత్తు పదార్థం వెనక ఎంత రక్తం ఉందో కళ్లారా చూసి వచ్చాడు. తాను వాడింది ఎక్కణ్ణించి వచ్చిందో చూడటానికి వెళ్లడం, కెమెరా ముందు నిలబడటం... నేను దాన్ని చిన్న విషయంగా చూడను. తినేది, తాగేది, పీల్చేది, ఏదైనా సరే, ఎక్కణ్ణించి వస్తోందని అడిగే అలవాటు ఆయనకి అక్కడే బలపడిందని నా నమ్మకం.

ఆ బ్యాండ్‌లో రెండో పని చేసింది ఈయనొక్కడే కాదు. డ్రమ్స్ వాయించే డేవ్ రౌన్‌ట్రీ లా చదివి సొలిసిటర్ అయ్యాడు, కౌన్సిలర్‌గా గెలిచాడు. 2003లో అంగారకుడి మీదకి బ్రిటన్ పంపిన బీగిల్ 2 అనే నౌక, దిగగానే భూమికి పంపాల్సిన పిలుపు రాగం కూడా బ్లర్ కట్టిందే. ఆ సంవత్సరం క్రిస్మస్ రోజున దిగాల్సిన నౌక నుంచి ఏ రాగమూ రాలేదు. 2015లో ఫొటోల్లో దొరికింది. దిగింది పాపం, మాట్లాడలేకపోయింది. ఇది ఎందుకు చెప్తున్నానంటే, వీళ్లకి కొత్త విషయమంటే భయం లేదు.

పాటలవాళ్లు తిండి వ్యాపారంలోకి రావడం కూడా కొత్త కాదు. జెథ్రో టల్ బ్యాండ్‌లో వేణువు వాయించే ఇయన్ ఆండర్సన్ స్కాట్లాండ్‌లోని స్కై దీవిలో ఏళ్ల తరబడి సాల్మన్ చేపల పెంపకం నడిపాడు. ద హూ బ్యాండ్ గాయకుడు రోజర్ డాల్ట్రీ ససెక్స్‌లో ట్రౌట్ చేపల చెరువులు తవ్వించాడు. వాళ్లంటే నాకు గౌరవం. కానీ నేను ఎంచుకుంది ఈయన్ని. ఎందుకు? వాళ్లు చేశారు. ఈయన చేశాడు, రాశాడు. చేస్తూ రాశాడు. ఈరోజు నేను చెప్పదలచుకున్నది ఆ రెండో మాట గురించే.

ముందు చేసిన పని సంగతి. చీజ్ గురించి ఆయనకి పుట్టుకతో ఏమీ తెలియదు. ఇష్టంగా తినేవాడు, అంతే. ఆ చుట్టుపక్కలే జూలియట్ హార్బట్ అనే ఆవిడ ఉండేది. న్యూజీలాండ్ నుంచి వచ్చి, 1994లో బ్రిటిష్ చీజ్ అవార్డులు మొదలుపెట్టిన మనిషి. ఆ దేశంలో చీజ్ అంటే ఆవిడ మాటకి తిరుగులేదు. అలెక్స్ ఆవిడతో కలిసి పని మొదలుపెట్టాడు. ముప్పై అయిదు దాటిన మనిషి, లక్షల మంది ముందు వాయించిన మనిషి, ఒక గురువు దగ్గర కూర్చుని మళ్లీ అక్షరాభ్యాసం చేసుకున్నాడు. మొదట వచ్చినవాటిలో ఒకటి 'లిటిల్ వాలప్'. మేకపాల చీజ్. చిన్న బిళ్లని సోమర్‌సెట్‌లో ఆపిల్ పళ్లతో చేసే బ్రాందీతో కడిగి, ద్రాక్షాకులో చుడతారు. ఆకు వాసన లోపలికి దిగుతుంది. కోనసీమలో పనసాకు బుట్టల్లో ఇడ్లీ పిండి పోసి పొట్టిక్కలు వండుతారు చూడండి, అందులో ఆకు చేసే పనే ఇక్కడా చేస్తుంది. తిన్నవాళ్లకి వెంటనే అర్థమవుతుంది, చెప్పక్కర్లేదు.

ఇక 'బ్లూ మండే'. మాంచెస్టర్ బ్యాండ్ న్యూ ఆర్డర్ 1983లో చేసిన పాట పేరది. ఇంగ్లాండ్‌లో చీజ్‌కి మామూలుగా ఊరి పేరు పెడతారు. చెడ్డర్ ఊరి పేరు, చెషైర్ జిల్లా పేరు. మనం బందరు లడ్డు, కాకినాడ కాజా, ఆత్రేయపురం పూతరేకులు అన్నట్టే. ఈయన తన రెండో ఊరు సంగీతమే అన్నట్టు పాట పేరు పెట్టాడు. తయారీ మాత్రం యార్క్‌షైర్‌లో, ఏళ్లుగా ఆ పని చేస్తున్నవాళ్ల చేతుల్లో జరిగింది. ఇది కూడా చెప్పాలి. ప్రతి గడ్డా ఆయనే పిసికాడని ఎవరైనా అంటే నమ్మకండి. రుచి ఎలా ఉండాలో కూర్చుని తేల్చాడు, పేరు పెట్టాడు, తిరిగి అమ్మాడు. చేతిపని తెలిసినవాళ్లకి చేతిపని వదిలాడు. బ్యాండ్‌లో బేస్ వాయించేవాడికి అది అలవాటే. పాడేవాడు వేరే, కింద నుంచి పట్టి నిలిపేవాడు వేరే.

నీలం చీజ్ ఎలా అవుతుందో ఎంతమందికి తెలుసు? ఒక్క నిమిషం చెప్తాను. పాలు గోరువెచ్చగా చేసి తోడు వేస్తారు. మన పెరుగు తోడులాంటిదే. దాంతోపాటు పెనిసీలియం రోక్ఫోర్టీ అనే బూజు పొడి కాస్త. తర్వాత పాలని గడ్డకట్టించే రెన్నెట్. పూర్వం నుంచీ దూడ పొట్టలోంచి తీస్తారు, ఇప్పుడు శాకాహారులకి వేరే రకం కూడా దొరుకుతుంది. పాలు గడ్డ కడతాయి. కోసి, తేట నీళ్లు వంచేసి, అచ్చుల్లో వేసి, ఉప్పు పట్టిస్తారు. ఇంతవరకు అంతా తెలుపే. బూజు లోపల ఉంది, కానీ లేవదు. ఎందుకు లేవదు? దానికి గాలి కావాలి. అప్పుడు పొడవాటి ఉక్కు సూదులు తీసుకుని ఆ గడ్డని ఆ చివర నుంచి ఈ చివరికి గుచ్చుతారు. సూది వెళ్లిన దారిలో గాలి వెళ్తుంది, గాలి వెళ్లిన దారిలో నీలం పాకుతుంది. కోసినప్పుడు మీకు కనిపించే నీలం గీతలు ఆ సూది నడిచిన దారులే. కౌంటర్ దగ్గర మొదటిసారి ఆ సంగతి తెలిసి, ఒక ముక్కని లైటుకి ఎదురుగా పట్టుకుని చాలాసేపు చూశాను. వెనక క్యూ ఉంది, నేను చూస్తూనే ఉన్నాను.

ఇంకో సంగతి. బ్రిటన్‌లో ఈ విద్య దాదాపు చచ్చిపోయి బతికింది. రెండో ప్రపంచ యుద్ధంలో రేషన్ పెట్టినప్పుడు, చీజ్‌కి వెళ్లే పాలన్నీ ఒకే రకం చెడ్డర్‌కి పోవాలన్నారు. 'ప్రభుత్వ చెడ్డర్' అనేవారు. ఊరూరా ఇళ్లల్లో చేసే చీజ్‌లు ఆగిపోయాయి. రేషన్ 1954లో పోయింది. కానీ చేసే చేతులు అప్పటికే పోయాయి. రాసిపెట్టినవాళ్లు ఎంతమంది? చాలా తక్కువ. తర్వాతి తరం వెతుక్కోవాల్సి వచ్చింది, అడుక్కోవాల్సి వచ్చింది. ఇప్పుడు ఆ దేశంలో 700కి పైగా చీజ్‌లున్నాయంటారు. అలెక్స్ జేమ్స్‌లాంటి వాళ్లు ఆ లేచి నిలబడ్డ కాలంలో వచ్చి చేరారు.

ఇప్పుడు రాత. ఆయన 'ది ఇండిపెండెంట్'కి రాశాడు, 'ది స్పెక్టేటర్'కి రాశాడు, 'ది సన్'లో తిండి గురించి రాశాడు. వారం వారం కాలమ్. మీలో రాసేవాళ్లున్నారు, కాలమ్ అంటే ఏమిటో మీకు తెలుసు. పాడి లాంటిది. గేదెకి ఆదివారం లేదు, పండగ లేదు, పొద్దున పితకాలి, సాయంత్రం పితకాలి. కాలమ్ కూడా అంతే, ఈ వారం మనసు బాగోలేదంటే కుదరదు. రాక్ బ్యాండ్ బతుకు అలా కాదు. ఆరు నెలలు ఊళ్లు తిరగడం, ఆరు నెలలు ఖాళీ. ఆయన్ని కుదురుగా నిలబెట్టింది పొలం ఒక్కటే అని అందరూ అంటారు. నేను ఒప్పుకోను. పొలమూ, కాలమ్ కలిసి నిలబెట్టాయి. పొలం పని చూపించింది, కాలమ్ ఆ పనిని చూడమంది. రాయాలంటే చూడాలి కదా?

2012లో రెండో పుస్తకం, 'ఆల్ చీజెస్ గ్రేట్ అండ్ స్మాల్'. పొలం మీద పుస్తకం. అందులో పెద్ద పెద్ద సిద్ధాంతాలేమీ లేవు. పాడుబడ్డ కొట్టాలు, గొర్రెలు, పిల్లలు, చీజ్. తనకి తెలియంది తెలియదంటాడు. ఇది నాకు చాలా నచ్చింది. పల్లెకి వెళ్లిన పట్నం మనిషి రాస్తే రెండే రకాలుగా రాస్తాడు. పల్లె స్వర్గం అంటాడు, లేకపోతే పల్లె వెనకబడింది అంటాడు. ఈయన ఈ ఏడాది కప్పు కారింది అని రాస్తాడు.

అంతా బాగుందని చెప్తే మీకు అబద్ధం చెప్పినట్టవుతుంది. 2011లో ఆస్డా అనే సూపర్ మార్కెట్ కోసం ఆయన పేరుతో చీజ్ స్లైసులు వచ్చాయి. టమాటా కెచప్ రుచి ఒకటి, సలాడ్ క్రీమ్ రుచి ఒకటి, టిక్కా మసాలా రుచి ఒకటి. చీజ్ తెలిసినవాళ్లు తిట్టిపోశారు. పిల్లలు తినే చీజ్ చెయ్యాలనే ఆలోచనలో తప్పులేదు, మామూలు జనానికి అందుబాటు ధరలో ఇవ్వడంలోనూ తప్పులేదు. కానీ ద్రాక్షాకులో చుట్టిన ఆ మేకపాల బిళ్ల తిన్న నాకు ఆ స్లైసు చూసి బాధేసింది. ఈ మాట ఆయన అభిమానిగానే చెప్తున్నాను. పేరున్న మనిషి చేసేదానికి మొదటి ముక్క పేరు మీద అమ్ముడుపోతుంది. మొదటి ముక్క, అంతే. రెండో ముక్క కొనేది నాలుక.

టీవీలో వంటలు చేసే జేమీ ఆలివర్‌తో కలిసి పెట్టిన 'బిగ్ ఫీస్టివల్' అనే జాతర, 2012లో అదే పొలానికి వచ్చింది, ఆగస్టు చివర. ఒక పక్క పాట, ఒక పక్క పొయ్యి. ఆ రెండు బతుకులూ ఒకే పొలంలో కలిశాయన్నమాట. దాని గురించి ఇంతకన్నా చెప్పను, నేను వెళ్లలేదు.

ఇప్పుడు మా ఇంటి సంగతికి వస్తాను. ఇదెందుకు అంటారా? వినండి.

మా అమ్మమ్మ పెరుగు తోడు పెట్టేటప్పుడు పాలల్లో చిటికెన వేలు ముంచి ఏదో లెక్కపెట్టేది. పెదాలు కదిలేవి, మాట వినపడేది కాదు. చలికాలం తోడు పెట్టిన గిన్నెని బియ్యం డబ్బాలో సగం దాకా పూడ్చేది. పొద్దున్నే కత్తితో కోస్తే ముక్కలొచ్చే పెరుగు. నేను చదివిన పుస్తకాల్లో దాన్ని ఇంక్యుబేషన్ అన్నారు, 40 డిగ్రీల పైన అని రాశారు. ఆవిడ ఎంత దాకా లెక్కపెట్టేదో నేను ఒక్కసారి కూడా అడగలేదు. ఒక్కసారి కూడా. మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆవిడకి చక్కగా రాయడం వచ్చు. పాలవాళ్ల పద్దులన్నీ ఆవిడే రాసేది. ఎవరికెన్ని శేర్లు పోసిందో పైసలతో సహా ఉంది. తోడు సంగతి మాత్రం లేదు. అది రాయాల్సిన విషయమని ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

మనకి వంటల పుస్తకాలున్నాయి, కాదనను. కానీ తయారుచేసేవాళ్లు రాసినవి ఎన్ని? గానుగ ఆడించేవాళ్లు, పూతరేకు కుండ మీద గుడ్డ పరిచేవాళ్లు, అప్పడాలు ఎండబెట్టేవాళ్లు. వాళ్లు తమ పని గురించి రాసిన పుస్తకం మీలో ఎవరైనా చదివారా? ఒక్కటి చెప్పండి. ... చూశారా? ఇంతమంది చదివేవాళ్లం ఉన్నాం ఇక్కడ.

నేను ఇక్కడికి తిరిగొచ్చాక గేదెపాలతో చీజ్ మొదలుపెట్టాను. ఇటలీలో గేదెపాలతో మొజరెల్లా అనే చీజ్ చేస్తారు కదా, మనకేం తక్కువ అనుకున్నాను. ఇంగ్లాండ్‌లో నేర్చుకున్న లెక్క ఆవుపాల లెక్క. ఆ లెక్క ప్రకారం రెన్నెట్ వేశాను. గేదెపాలల్లో కాల్షియం ఎక్కువ, వెన్న ఎక్కువ. చూస్తుండగానే గడ్డకట్టి రబ్బరులా అయింది. రెండోసారి బాగానే వచ్చింది, కానీ మే నెల. రాత్రంతా కరెంటు లేదు. పొద్దున తలుపు తీస్తే గదంతా పులిసిన వాసన. 20 లీటర్ల పాలు పెరటి గోతిలో పూడ్చాను. ఆ రోజు ఏడ్చాను. సాయంత్రం ఆ రెండో పుస్తకం తీసి మళ్లీ చదివాను. అందులో నా సమస్యకి జవాబు లేదు. ఆయనకి మే నెల ఎండ తెలియదు, గేదె తెలియదు. కానీ పాడైందాన్ని కూడా రాయొచ్చని అందులో ఉంది. ఆ రాత్రే నోట్‌బుక్ మొదలుపెట్టాను. ఉష్ణోగ్రత, కొలత, వాసన, ఎవరు ఏమన్నారు. తెలుగులో.

అలెక్స్ జేమ్స్ ఇప్పుడేం చేస్తున్నాడని అడుగుతారు. 2023 జూలైలో బ్లర్ మళ్లీ కలిసి లండన్ వెంబ్లీ స్టేడియంలో రెండు రాత్రులు వాయించింది. ఆ ఏడాది సంగతులతో 2024లో 'ఓవర్ ది రెయిన్‌బో' అనే పుస్తకం వచ్చింది. అందులో ఒకవైపు స్టేడియం, ఒకవైపు పొలం, రెండూ ఉన్నాయి. యాభై నాలుగేళ్ల వయసులో మొదటి పని మళ్లీ పిలిస్తే వెళ్లాడు, వాయించాడు, ఇంటికొచ్చాడు, రాశాడు.

టైమ్ అయిపోయిందని సైగ చేస్తున్నారు. నా నోట్‌బుక్‌లోంచి నాలుగు లైన్లు చదివి కూర్చుంటాను. ఇది పోయిన చలికాలం రాసింది.

"గేదెపాలు 20 లీటర్లు. రెన్నెట్ మూడో వంతు తగ్గించాను. 40 నిమిషాలకి గడ్డ. కత్తి దింపితే అంచు శుభ్రంగా విడింది, తేట పచ్చగా ఊరింది. 12వ రోజు సూదులు గుచ్చాను. 26వ రోజు గుచ్చినచోట నీలం మొదలైంది. వాసన, వాన పడ్డ మట్టిలా. 48వ రోజు కోశాను. మా అబ్బాయి ఒక ముక్క తిన్నాడు. ఏమీ అనలేదు. ఇంకో ముక్క పెట్టమన్నాడు."